డ్యూటీలో ఉన్నానని చెప్పకు

శనగలు ఉడికిపోయాయి. తాలింపు పెట్టడమొక్కటే మిగిలింది, అది వాళ్ళు వచ్చాక పెడితే వేడిగా ఉంటుంది, ఇప్పుడే పెట్టేస్తే మళ్ళీ వెచ్చబెట్టాలి, వెచ్చబెట్టిన గుగ్గిళ్ళు గొంతులో అడ్డం పడతాయి. ఈస్టర్ ముందు శ్రమకాలం కాబట్టి కోడీ లేదు, చేపా లేదు, ఉప్మా, గుగ్గిళ్ళు, టీ, అంతే. శ్రమకాలం నలభై రోజులూ సాయంత్రం పూట ఇంటింటా ప్రార్థన కూడిక పెట్టుకోవడం మా సంఘానికి ముందు నుంచీ అలవాటు, రోజుకో క్వార్టరు, ఈ రోజు మా వంతు. వాళ్ళు రావడానికి ఇంకా గంట ఉంది. హాల్లోని టీపాయ్ తీసి వరండాలో పెట్టాను, కిటికీ జాలీ తడిగుడ్డతో తుడిచాను, గుడ్డ ఎర్రగా అయింది, కిరండుల్‌లో ఏది తుడిచినా గుడ్డ ఎర్రగానే అవుతుంది, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, పైన కొండ మీద వాళ్ళు ఇనుపరాయి తవ్వుతూనే ఉంటారు, కింద మేము తుడుస్తూనే ఉంటాం. హాలు సిద్ధంగా ఉంది, వంటిల్లు సిద్ధంగా ఉంది, మధ్యగది తలుపు వేసి ఉంది. ఆ తలుపు వెనక మా ఆయన చక్రధరరావు గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. పోయిన వానాకాలం నుంచి అలాగే ఉన్నాడు. పొద్దున ఆ మనిషి నోరు తెరిచి ఒక మాట అన్నాడు. టీ గ్లాసు అందుకుంటూ, నా మొహం చూడకుండా, "ఈ రోజు నేను డ్యూటీలో ఉన్నానని చెప్పకు" అన్నాడు.

అంతే అన్నాడు. మరి ఏం చెప్పాలో చెప్పలేదు, మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు. చెప్పకు అనడం తేలిక. ఏం చెప్పాలో వెతుక్కోవలసింది నేను. అయినా డ్యూటీ అన్న మాట మొదట నా నోటి నుంచి రాలేదు, ఇప్పుడు ఆలోచిస్తే అదీ విచిత్రంగానే ఉంది, చర్చి గుడి మెట్ల దగ్గర మా సంఘంలోని బుల్లమ్మక్క ఎదురై "తమ్ముడు డ్యూటీకెల్లిపోనాడేటి?" అని అడిగితే నేను ఊఁ అన్నాను. ఆ అబద్ధం ఆవిడే వండి వడ్డించింది, నేను తిన్నాను. తరువాత దాన్ని పెంచి పోషించింది మాత్రం నేనే. ఆదివారం ఉదయం ఆరాధనకు ఎందుకు రాలేదంటే నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడన్నాను. అదే వారం శుక్రవారం సాయంత్రం ఎందుకు రాలేదంటే సెకండ్ షిఫ్ట్ అన్నాను. ఒక మనిషికి ఒకే వారంలో ఆ రెండు షిఫ్టులూ పడవు, ఈ సంగతి ఈ ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. మా సంఘంలో సగం మంది కొండ మీద పని చేసేవాళ్ళు, మిగతా సగం వాళ్ళ పెళ్ళాలు, షిఫ్ట్‌ని బట్టి వండి, షిఫ్ట్‌ని బట్టి పిల్లల్ని నిద్రపుచ్చి, షిఫ్ట్‌ని బట్టి మొగుడితో పోట్లాడేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ అదెలా కుదురుతుందమ్మా అని అడగలేదు. ఎంత తెలివిగా దాచానో అని ఇన్నాళ్ళూ నా భుజాలు నేనే చరుచుకున్నాను.

తెలుసు. వాళ్ళందరికీ తెలుసు. డ్యూటీ బస్సు మా లైను చివరే ఆగుతుంది, ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో టైలరు కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలాడికి కూడా కనిపిస్తుంది. తెలిసి కూడా ప్రార్థన చేశారు. ప్రభువా, చక్రధరరావు గారికి జనరల్ షిఫ్ట్ దయచెయ్యి, ఆదివారం నీ సన్నిధికి రానివ్వు అని ఆడవాళ్ళంతా ఒక శనివారం ఉపవాసం కూడా ఉన్నారు, లేని షిఫ్ట్‌ని మార్చమని మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టుకోకుండా కూర్చున్నారు, వాళ్ళ మధ్యలో నేనూ కూర్చున్నాను, నేనూ ముట్టుకోలేదు. ఇక సంఘ పెద్ద దుర్గేశ్ గారు. ఆయన మా ఆయన సెక్షన్‌లోనే ఫోర్‌మన్, మెడికల్ లీవు సంగతి ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది. అయినా క్రిస్మస్ ముందు మా ఇంట్లో కూడిక పెట్టినప్పుడు ఇదే హాల్లో నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఈ ఘడియలో కొండ మీద పని చేస్తున్న మా సహోదరుణ్ణి కాపాడు తండ్రీ అన్నాడు. నా పరువు కోసం దేవుడి దగ్గర అబద్ధమాడిన మనిషి. దాన్ని ప్రేమ అనాలా, పిరికితనం అనాలా నాకు తెలియడం లేదు. రెండూ కలిసి ఉండొచ్చు, మా పాలవాడి క్యాన్‌లో పాలూ నీళ్ళూ లాగా, ఏది ఎంతో ఎవరికీ తేలదు.

ఆ రోజు మా ఆయన అదంతా విన్నాడు కదా. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకు తట్టనే లేదు, తలుపు వేశాను కాబట్టి లోపల మనిషి లేడన్నట్టే నేనూ తిరిగాను. నాలుగు అంగుళాల గోడ. తాను లేడని చెప్పే పాటలూ, తాను ఇంకెక్కడో ఉన్నాడని చెప్పే ప్రార్థనలూ అంతసేపూ విన్నాడు. దగ్గు వస్తే ఏం చేశాడో, మంచం కిర్రుమంటుంది, పక్కకు తిరగాలనిపిస్తే ఏం చేశాడో. అందరూ వెళ్ళాక నేను తలుపు తీస్తే పడుకునే ఉన్నాడు, పళ్ళెంలో కేకు ముక్క పెట్టి ఇచ్చాను, తిన్నాడు. సొంత ఇంట్లో దొంగలా ఊపిరి బిగబట్టుకుని పడుకున్న మనిషికి నేను కేకు పెట్టాను. దుఃఖం అని కాదు, సిగ్గు వేస్తోంది, ఒళ్ళంతా వేడిగా ఉంది. పొయ్యి దగ్గర నిలబడ్డాను, దానివల్ల కూడా కావచ్చు.

ఒకప్పుడు ఇంటికి మనుషుల్ని తెచ్చేది ఆయనే, నేను వండేదాన్ని. విశాఖ నుంచి వచ్చే రైలుకు కిరండుల్ చివరి స్టేషను, ఆ తరువాత పట్టాలు లేవు, ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెబితే వచ్చి ప్లాట్‌ఫారం మీద బిక్కమొహం వేసుకుని నిలబడే వాళ్ళు వారానికి ఒక్కరైనా ఉండేవాళ్ళు, షిఫ్ట్ దిగి వస్తూ స్టేషను వైపు ఒక చుట్టు చుట్టి ఎవరో ఒకరిని వెంటబెట్టుకొచ్చేవాడు. జయా, ఈయనది పార్వతీపురం అట, ఈయనది పలాస అట, కాస్త అన్నం పెట్టు. కులం అడిగేవాడు కాదు, దేవుణ్ణి గురించీ ఎత్తేవాడు కాదు, సంఘానికి రమ్మని పిలవవేమిటయ్యా అని దుర్గేశ్ గారు అడిగితే, ముందు వాళ్ళ కడుపు నిండనివ్వండి అనేవాడు. నేను సణిగేదాన్ని. పిల్లలకు దాచిన పెరుగు కూడా వాళ్ళకే పోసేవాడు, మా చింటూ వాళ్ళని రైలు మామయ్యలు అనేవాడు. ఇప్పుడు చింటూ పుణెలో ఉన్నాడు, అమ్ము విశాఖలో నర్సు, ఇంట్లో పెరుగు మిగిలిపోతోంది. అలాంటి మనిషి ఒక వానాకాలం బస్సు ఎక్కడం మానేశాడు. ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి ఒక సంఘటన లేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చావలేదు, దెబ్బ తగల్లేదు. ముందు భోజనం దగ్గర మాటలు తగ్గాయి, తరువాత భోజనం తగ్గింది, తరువాత ఒక పొద్దున యూనిఫాం వేసుకుని, బూట్లు తొడుక్కుని, మంచం అంచు మీద కూర్చుని ఉండిపోయాడు, బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. కారణం లేని జబ్బును జనానికి చెప్పడం చాలా కష్టం. వాళ్ళు కారణం అడుగుతారు, లేకపోతే వాళ్ళే ఒకటి తెచ్చిపెడతారు.

స్రవంతికి అలాగే తెచ్చిపెట్టారు. ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసే ఆయన కూతురు, పదో తరగతి, తినదు, మాట్లాడదు, ఊరికే ఏడుస్తుంది. దురాత్మ పట్టిందన్నారు. గుడిలో బెంచీలు పక్కకు జరిపి మధ్యలో కూర్చోబెట్టారు. బుల్లమ్మక్క ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి చెవిలో వదిలిపో, వదిలిపో అని అరిచింది, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, పిల్ల జడ ఊడిపోయింది, తండ్రి దాని రెండు చేతులూ పట్టుకుని తను కూడా ఏడుస్తున్నాడు. చివరికి ఆ పిల్ల అలిసిపోయి నిద్రపోయింది, విడుదల వచ్చిందని చప్పట్లు కొట్టారు. తరువాత వాళ్ళు బచేలీకి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు, అక్కడ ఏ గుడికీ వెళ్ళడం లేదని విన్నాను. బుల్లమ్మక్క ఇప్పటికీ దాన్ని సాక్ష్యంగా చెబుతుంది. ఆవిడ చెడ్డది కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు తన టిఫిన్ బండి మూసేసుకుని వచ్చి నా ఒళ్ళు తుడిచి, నా బట్టలు ఉతికి, అమ్ముకు జడలు వేసింది, ఇంట్లో సబ్బు అయిపోతే తన ఇంటి నుంచి తెచ్చుకుంది. అంత మంచిది కాబట్టే భయం. చెడ్డవాళ్ళనైతే గుమ్మంలోనే ఆపేస్తాం. ప్రేమగా వచ్చి తల మీద చెయ్యి పెట్టేవాళ్ళను ఎలా ఆపుతాం. ఆ గోడవైపు తిరిగిన తల మీద ఆ చెయ్యి పడి, ఆ చెవిలో ఆ అరుపు పడితే, ఆ మనిషి ఇంక ఎప్పటికీ ఇటు తిరగడు. నా భయం అది. సిగ్గూ ఉంది, లేదనను, కానీ ముందు ఇది.

మా పాస్టరు అయ్యగారు పోయిన ఆదివారం ప్రసంగంలో అన్నారు, ఇల్లు తెరవడం వేరు, మనసు తెరవడం వేరు, చాపలు పరిచి టీ పోసినంత మాత్రాన ఆతిథ్యం కాదు, ఒకరి దగ్గర ఒకరు దాపరికం లేకుండా ఉండాలి అని. అందరం ఆమెన్ అన్నాం. నేను కొంచెం గట్టిగానే అన్నాను. ప్రసంగం అయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పమంటే అందరూ ఎప్పటి పాటే పాడారు, వ్యక్తిగత అవసరత అండి, వ్యక్తిగత అవసరత. మా సంఘంలో అదొక తెర. ఎవరి తెర వెనక ఏముందో ఎవరూ అడగరు, ప్రభువా నీకు తెలుసు అని ప్రార్థన చేసేసి బూందీ పంచుతారు. సాక్ష్యమైతే అందరూ చెబుతారు, లేచి నిలబడి, కొంగు సర్దుకుని, జ్వరం వచ్చింది తగ్గింది, పరీక్ష తప్పాడు మళ్ళీ పాసయ్యాడు. సాక్ష్యం అంటే ముగిసిన కష్టం. ముగియని కష్టానికి లేచి నిలబడే చోటు లేదు. బాగుపడ్డాక చెబుదాం అనుకున్నాను నేను కూడా, నిజం చెప్పాలంటే అదే నా లెక్క, ఆయన లేచి బస్సు ఎక్కిన మర్నాడు తెల్లచీర కట్టుకుని గుడిలో నిలబడి మొత్తం చెబుదామని, ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకున్నాను. అమ్ము ఫోన్‌లో తిడుతుంది, విశాఖలో డాక్టరుకు చూపించింది అదే, బిళ్ళలు పంపేదీ అదే. "అమ్మా, షుగర్ ఉందని చెప్పుకోవా? ఇదీ అంతే. చెప్పెయ్." దానికేం, అక్కడ వార్డులో అన్ని జబ్బులకూ మంచం మీద బోర్డు ఉంటుంది. "ఇక్కడ అందరూ తెలిసినవాళ్ళే, అందుకే చెప్పలేం" అన్నాను. అది నాన్న తిన్నాడా అని అడిగింది.

రెండు వారాల కిందట కూడిక బుధ్రి ఇంట్లో. ఇక్కడి మనిషే, ముందు గుడిలో హిందీ ఆరాధనకు వచ్చేది, ఇప్పుడు మా తెలుగు ఆరాధనకూ వస్తోంది, పాటలు మావే బాగుంటాయట. టౌన్‌షిప్ దాటి వాగు అవతల వాళ్ళ ఇల్లు, ఒకటే గది, అడుగు పెట్టగానే మధ్యలో ఒక ముసలాయన తాగి అడ్డంగా పడి ఉన్నాడు. మేమంతా గుమ్మంలో ఆగిపోయాం. బుధ్రి చీపురు పక్కన పడేసి, "మా మామ. రోజూ తాగుతడు. ఉఠేగా నహీ, లేవడు, అటు పక్కకు జరిగి కూసోండి" అంది. కూర్చున్నాం. ముసలాయన గురక, మా పాట, బయట ఇప్పపూలు ఆరబెట్టిన వాసన, అన్నీ కలిసి సాగాయి. అవసరతలు అడిగితే, మామ తాగుడు మానాలని నేను అడగను, మానడు, నాకు ఆయన మీద కోపం తగ్గాలని అడగండి అంది. దారిలో వస్తూ మా వాళ్ళు ఎంత ధైర్యం, ఎంత సరళత అని మెచ్చుకున్నారు. నేను మాత్రం దానికి ఒకటే గది కదా అనుకున్నాను. ఒకటే గది ఉన్నవాళ్ళు ఎక్కడ దాస్తారు. మాకు కంపెనీ రెండు గదులిచ్చింది, రెండింటికీ తలుపులు బిగించి ఇచ్చింది. ఇలా అనుకోవడం నా కుళ్ళుబుద్ధి, తెలుసు. కానీ రెండు గదులున్న వాళ్ళెవరూ బుధ్రి లాగా మాట్లాడటం నేను చూడలేదు, అది కూడా నిజం.

వెలుతురు కిటికీ దిగి గోడ మీదకు వచ్చింది, ఇంకెంతోసేపు లేదు. గ్లాసులు కడిగి బోర్లించాను. వెళ్ళి మధ్యగది తలుపు తీశాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. గడ్డం గీసుకున్నాడు. పొద్దున లేదు, మధ్యాహ్నం నేను రవ్వ తేవడానికి దుకాణానికి వెళ్ళినప్పుడు గీసుకుని ఉంటాడు, దవడ కింద కాస్త తెగింది.

"వాళ్ళు వస్తారు" అన్నాను.

"ఊఁ."

"బయటికొస్తావా?"

"రాలేను."

"తలుపు వెయ్యనా, తీసి ఉంచనా?"

"ఏం చేసినా సరే జయా," అన్నాడు, "నన్ను ఇంట్లోంచి పంపించెయ్యకు."

ఇన్నాళ్ళూ ఆయన్ని కొండ మీదకు పంపిస్తున్నానని అనుకోలేదు నేను. నా అబద్ధంతో రోజూ పంపిస్తున్నానన్నమాట. తలుపు తీసే ఉంచాను, కర్టెన్ మాత్రం లాగాను. అది మా పాత చీరతో కుట్టిన కర్టెన్, గాలి వస్తే లోపలి మంచం కాళ్ళు కనిపిస్తాయి, కనిపించనీ. వంటింట్లోకి వచ్చి ఉప్మాకు నీళ్ళు పెట్టాను. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను.

గేటు చప్పుడు. బుల్లమ్మక్కే. చెప్పులు విడిచి, చంకలో గుడి చాపలు పెట్టుకుని, "ఏటి జయమ్మా, పని అయిపోయిందా? తమ్ముడు డ్యూటీకెల్లిపోనాడా?" అంది, ఎప్పటిలాగే, జవాబు తనే చేతికిస్తూ.

"లేదక్కా. ఇంట్లోనే ఉన్నాడు. ఎనిమిది నెలల నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఒంట్లో బాగానే ఉంది, మనసు బాలేదు. మందులు వాడుతున్నాం."

ఆవిడ కళ్ళు కర్టెన్ వైపు తిరిగాయి. ఆశ్చర్యం లేదు ఆ మొహంలో, అనుకున్నదే. చాపలు కింద పెట్టింది. "మరి సెప్పొద్దేటమ్మా మాతోటి? ఉండు, ఇప్పుడే పార్దన సేసీ..." అంటూ కొంగు తల మీదకు లాక్కుని అటు అడుగు వేసింది. నేను ఎదురు వెళ్ళి నిలబడ్డాను. ముప్పై ఏళ్ళలో ఆవిడకు ఎప్పుడూ ఎదురు నిలబడలేదు. "వద్దక్కా. లోపలికి వెళ్ళొద్దు. నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. స్రవంతికి చేసినట్టు ఈయనకు చేస్తావని భయం. ఆ పిల్లకు నయం కాలేదక్కా, అలిసిపోయింది." అనేశాను. అనేశాక వంటింట్లో ఉప్మా నీళ్ళు కుతకుతమంటున్నాయి. ఇది లోపల ఆయనకు కూడా వినిపించే ఉంటుంది. బుల్లమ్మక్క మొహం ఎర్రబడింది. నా ఒళ్ళు తుడిచిన చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. "నానేదో పిల్లని సంపినట్టు మాటాడతన్నావు" అంది. వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళిపోతే పోనీ అనుకున్నాను, వెళ్ళిపోతే బతకలేనని కూడా అనిపించింది, మూడూ ఒక్కసారే. వెళ్ళలేదు. వంగి చాపలు విప్పి పరవడం మొదలుపెట్టింది, మధ్యగది గుమ్మానికి కాస్త దూరంగా పరిచింది, నాతో మళ్ళీ మాట్లాడలేదు.

తరువాత అందరూ వచ్చారు. పాటలయ్యాయి, వాక్యం అయింది, అవసరతలు అనగానే ఇంటివాళ్ళతో మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అయ్యగారు నా వైపు చూశారు. బుల్లమ్మక్కతో అన్నదే మళ్ళీ అన్నాను, లోపలికి ఎవరూ రావద్దు, గట్టిగా ప్రార్థన చెయ్యొద్దు, కారణం అడగొద్దు అని కూడా అన్నాను. ఎప్పుడు బాగవుతుందో తెలియదన్నాను. దుర్గేశ్ గారు తల వంచుకున్నాడు. "సిస్టర్, మాఫ్ చెయ్యండి, నాకు తెలుసు, తెలిసి కూడా..." అని ఆగిపోయాడు. ఎవరో నాకూ తెలుసు అన్నట్టు దగ్గారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయి, అలవాటుగా గొంతు ఎత్తబోయి, ఆపేశారు. అంత ధారాళంగా ప్రార్థించే మా సంఘం దగ్గర ఆ సాయంత్రం ఒక్క వాక్యం దొరకలేదు. ఊరికే కూర్చున్నాం. ఫ్యాన్ల చప్పుడు, హాల్లోది ఒకటి, మధ్యగదిలోది ఒకటి. తరువాత ఎవరూ ఏమీ ముగించకుండానే అయ్యగారు కళ్ళు తెరిచారు, నేను లేచి ఉప్మా వడ్డించాను. ఉప్పు ఎక్కువైందని బుధ్రి ఒక్కతే చెప్పింది, మిగతావాళ్ళు బాగుందన్నారు.

తినడం అయ్యాక లేచారు. చెప్పులు వెతుక్కుంటున్నారు. బుల్లమ్మక్క చాపలు చుట్టి గోడకు ఆనించి, చెయ్యి కడుక్కుని, నన్ను దాటుకుని కర్టెన్ దగ్గరకు వెళ్ళింది. నా చేతిలో గ్లాసుల పళ్ళెం ఉంది, కింద పెట్టే టైము కూడా లేదు. ఆవిడ కర్టెన్ ముట్టుకోలేదు. గుమ్మానికి ఇవతలే నిలబడి, టిఫిన్ బండి దగ్గర పిలిచే మామూలు గొంతుతో, "తమ్ముడూ, ఎల్లొస్తామయ్యా" అంది. ఎవరి ఇంటికి వెళ్ళినా ఇంటాయన మంచిది అనే దాకా గడప దాటే మనిషి కాదు ఆవిడ. నిలబడింది. వెనక అందరూ నిలబడ్డారు. నేను జవాబు చెప్పబోయాను, ఇన్నాళ్ళూ నేనే కదా చెబుతున్నాను, పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. మంచం కిర్రుమంది.

"మంచిదక్కా" అన్నాడు లోపలి నుంచి.

ఆవిడ తల ఊపి, కళ్ళు తుడుచుకుని, నా మొహం చూడకుండానే వెళ్ళిపోయింది. ఆ వెనక దుర్గేశ్ గారు వచ్చాడు, గుమ్మం ముందు నిలబడి రావు గారూ, వెళ్ళొస్తాం అన్నాడు. మంచిది అన్నాడు ఆయన. తరువాత అయ్యగారు, తరువాత బుధ్రి, తరువాత ఒక్కొక్కరూ వరసగా వచ్చి ఆ పాత చీరకు చెప్పి వెళ్ళారు, ఆయన ఒక్కొక్కరికీ విడివిడిగా మంచిది అన్నాడు, చివరికి వచ్చేసరికి గొంతు బాగా నీరసించింది, అయినా మానలేదు. గేటు పడింది. నేను ఏడుస్తున్నాను, పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"లేరు. నేనే."

"నువ్వేనా," అన్నాడు. "అక్కడ నిలబడ్డావేం, లోపలికి రా. కూర్చో."

పళ్ళెం కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళాను.